పడవ అవ్వకు ముందు వినపడిన మాట

మా ఇంట్లోవాళ్ళలో అందరికన్నా ఎక్కువ మాట్లాడిన మనిషి గొంతు ఇప్పుడు బయట ఎక్కడా వినపడదు. ఏదో బాధలో ఉండి పెంచి చెబుతున్నానని అనుకోకండి. మా ఆయన చేసిన పనే అలాంటిది.

ఆయన డబ్బింగ్ థియేటర్లో ప్రాంప్టరు. తెర మీద బొమ్మ తిరుగుతూ ఉంటుంది, మైకు ముందు మాలాంటి వాళ్ళం నిలబడతాం. ఆయన కాగితాలు పట్టుకుని మా పక్కన నిలబడి, రాబోయే డైలాగును ముందుగా మెల్లగా చదివి వినిపించేవారు. ఏ మాట దగ్గర ఆగాలో, ఏ మాట దగ్గర ఏడుపు ఆపుకోవాలో అందులోనే చెప్పేవారు. బొమ్మ పెదవి విప్పబోయే సమయానికి భుజం మీద వేలితో తట్టి "ఊఁ, చెప్పు" అనేవారు. మేం చెప్పేవాళ్ళం. తర్వాత ఇంజనీరు కూర్చుని ఆయన చదివినదీ, ఆ "ఊఁ, చెప్పు" అన్నదీ శుభ్రంగా కత్తిరించి పారేసేవాడు. ముప్ఫయ్యేళ్ళకు పైగా రోజుకు ఎనిమిది గంటలు మాట్లాడి, సినిమాల్లో ఒక్క ముక్క కూడా మిగల్చకుండా పోయారు ఆయన.

మైకు ముందు నిలబడే వాళ్ళలో నేనూ ఒకదాన్ని. హీరోయిన్లకు చెప్పిన గొంతు కాదు నాది. గయ్యాళి అత్తలకు, ఆస్పత్రి ఆయాలకు, కోర్టు బోనులో రెండే రెండు మాటలు చెప్పి వెళ్ళిపోయే సాక్షులకు చెప్పాను. ఇద్దరం యూసుఫ్‌గూడలో రెండు గదుల ఇంట్లో ఉండి, పొద్దున్నే టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కేవాళ్ళం. ఇంటికి వచ్చాక ఆయన నోరు మెదిపేవారు కాదు. గొంతు అరగదీసుకునే పని చేసేవాడికి ఇంట్లో మౌనమే విశ్రాంతి. ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమంటే చేతులు జోడించేవారు. మా చుట్టాల పెళ్ళి వీడియోల్లో కూడా ఆయన నవ్వడమే ఉంది, మీద సినిమా పాటలు పెట్టారు.

ఆయనకు ఒకే ఒక్క సరదా ఉండేది. సినిమా అయిపోయాక చివర్లో పేర్లు పడతాయి కదా, అవి మొత్తం పైకి పోయేదాకా లేచేవారు కాదు. హాల్లో దీపాలు వెలిగేవి, ఊడ్చేవాళ్ళు చీపుళ్ళతో వచ్చేవాళ్ళు, నేను పక్కన నిలబడి విసుక్కునేదాన్ని. భోజనాలు వడ్డించిన వాళ్ళ పేర్లు, జనరేటరు నడిపిన వాళ్ళ పేర్లు వచ్చేవి. ఆయన పేరు వచ్చేది కాదు. "ఇందులో వెయ్యలేదులే, పద" అనేవారు, నేనేదో అడిగినట్టు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఆయన మీద కాదు, ఎవరి మీదో తెలియక ఆయన మీదే చూపించేదాన్ని.

కొన్నేళ్ళ కిందట ఒక వీడియో గేమ్‌కు తెలుగు గొంతులు కావాలని కబురొచ్చింది. ఫిల్మ్‌నగర్‌లో ఒక బంగళా కింద సెల్లారులో రికార్డింగ్. ఇంజనీరు మాకు చాలాకాలంగా తెలిసినవాడు, మెదక్ వైపు మనిషి, నెమ్మదస్తుడు. వెళ్ళి చూస్తే తెర లేదు, బొమ్మ లేదు, పెదవులు లేవు. కంప్యూటర్లో గళ్ళు గీసిన పట్టిక, ఒక్కో గడిలో ఒక్కో మాట. నాకు ఇచ్చింది ఏటి ఒడ్డున పడవ నడిపే ఒక ముసలామె పాత్ర.

బొమ్మ పెదవి కదలకుండా ఎప్పుడు మొదలుపెట్టాలి? ఎప్పుడు ఆపాలి? నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు తడబడ్డాను. ఇంజనీరు బయటి నుంచి మైకులో అన్నాడు.

"అమ్మా, గిక్కడ బొమ్మ ఉండదు. మీకెప్పుడు మనసైతే గప్పుడు చెప్పున్రి."

మనసైనప్పుడు చెప్పడం ఏనాడూ అలవాటు లేదు నాకు. నన్ను దింపడానికి వచ్చి బయట బెంచీ మీద కూర్చున్న మా ఆయన ఇదంతా విని, చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. గేమ్ రికార్డింగ్‌లో మైకు ఉన్న గదిలో ఒక్కరే ఉండాలని నియమం. ఇంజనీరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. మా ఆయన నా వెనక నిలబడి, భుజం మీద వేలు ఆనించి "ఊఁ, చెప్పు" అన్నారు.

"ఎక్కు నాయనా. ఇవాళ ఏరు నిమ్మళంగా ఉంది."

ఒక్క టేకులో వచ్చేసింది. ఆ రోజు నూట యాభై మాటలు అలాగే చెప్పాను, ఆయన నూట యాభైసార్లు చెప్పమన్నారు. ఇంజనీరు అన్నీ కత్తిరించాడు, ఒక్కటి తప్ప. మొట్టమొదటి దాంట్లో ఆయన "చెప్పు" అనడం, నేను ఊపిరి పీల్చడం ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అది అలాగే వెళ్ళిపోయింది. ఆట తయారుచేసిన వాళ్ళలో తెలుగు వచ్చినవాళ్ళు ఎవరూ లేరు, అదీ డైలాగే అనుకుని పెట్టేశారు.

ఇవేవీ మాకు అప్పుడు తెలియవు. ఆ తర్వాత రెండేళ్ళకు మా ఆయనకు ఊపిరితిత్తులు చెడ్డాయి. ఆస్పత్రిలో చివరి పద్నాలుగు రోజులూ నోట్లో గొట్టం. నాతో చెప్పాలనుకున్నది ఏదైనా ఉంటే దాన్ని ఆయనతోనే తీసుకుపోయారు.

ఆయన పోయి సంవత్సరం దాటాక, ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి హాల్లో కూర్చుని ఆ ఆట ఆడుతోంది. మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తుంది, సెలవు రోజు టీవీకి గేమ్ పెట్టె తగిలించుకుని కూర్చుంటుంది. నేను వంటింట్లో గోంగూర ఒలుస్తున్నాను. ఉన్నట్టుండి "అమ్మా" అని అరిచింది. ఆ అరుపుకి పరుగెత్తుకు వెళ్ళాను.

"విను" అని మీట నొక్కింది.

తెర మీద ఒక ఏరు. పడవలో నల్ల కంబళి కప్పుకున్న ముసలామె. ఆమె తల ఎత్తే ముందు, ఎక్కడి నుంచో, చెవి దగ్గర నిలబడి అన్నట్టు మెల్లగా "ఊఁ, చెప్పు" అని వినపడింది. వెంటనే నా గొంతు, ఎక్కు నాయనా అని.

గోంగూర కట్ట చేతిలో ఉండగానే నేలమీద కూలబడ్డాను. అమ్మాయి మళ్ళీ నొక్కింది. మళ్ళీ అన్నారు. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు, విసుగు లేకుండా.

అప్పటి నుంచి నేను గేమ్ ఆడటం నేర్చుకున్నాను. ఈ వయసులో ఇదేం పిచ్చి అని నవ్వేవాళ్ళు నవ్వారు. ఎడమ బొటనవేలితో నడవాలి, కుడి బొటనవేలితో చూడాలి. మొదట్లో చూడబోయి నడిచేదాన్ని, నడవబోయి ఏట్లో పడేదాన్ని. మునిగి చచ్చిపోయిన ప్రతిసారీ అడవిలోంచి మళ్ళీ నడుచుకుంటూ రావాలి, దారిలో తోడేళ్ళు. చివరకు అమ్మాయి జాలిపడి నా మనిషిని ఒడ్డు మీదే నిలబెట్టి, అక్కడే మొదలయ్యేట్టు చేసిపెట్టింది. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక ఒడ్డుకు వెళ్ళి నాలుగైదుసార్లు మీట నొక్కేదాన్ని. పడవ మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. ఎక్కితే ఆ సీను అయిపోతుంది.

ఆ మాటను ఆటగాళ్ళు అప్పటికే కనిపెట్టారట. పడవ అవ్వ మొగుడు ఏట్లో మునిగి చనిపోయాడనీ, నీళ్ళ అడుగు నుంచి ఆయనే అలా అంటున్నాడనీ వాళ్ళలో వాళ్ళే ఒక కథ అల్లుకున్నారు. దాని మీద వీడియోలు కూడా పెట్టారు. అమ్మాయి చూపిస్తే కోపం రాలేదు నాకు, సంతోషం వేసింది. అమలాపురంలోనో ఆదిలాబాద్‌లోనో ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల మీట నొక్కుతుంది, మా ఆయన వెంటనే పనిలోకి దిగుతారు. బతికుండగా దొరకని ఉద్యోగం దొరికింది ఆయనకి, కత్తిరింపు లేని ఉద్యోగం.

పోయిన ఏడాది ఇంజనీరు ఫోన్ చేశాడు. "అమ్మా, మన పడవ అవ్వ ఆట పెద్దగైతుంది. కొత్త భాగం వస్తున్నది. మీవి నలభై డైలాగులున్నయ్, వస్తరా?"

ఎగిరి గంతేశాను. ఏటికి అవతలి ఒడ్డు తెరుస్తున్నారట. ఇంతకాలం పడవ అవతలికి వెళ్ళగానే తెర నల్లబడేది. ఇప్పుడు అక్కడ ఒక జాలర్ల ఊరు, సంత, కొండమీద పాడుబడ్డ కోట. పడవలు కొత్తవి నాలుగు రకాలు, గాలం వేసి చేపలు పట్టొచ్చు. ఏట్లో వాన పడుతుంది, వాన పడితే నీళ్ళు పొంగుతాయి, అప్పుడు అవ్వ పడవ నడపనని మొండికేస్తుంది. మనుషుల మొహాలు కూడా బాగుచేశారట. ముందు పెదవులు ఇంగ్లీషుకు కదిలేవి, ఇకనుంచి తెలుగుకు సరిపడా కదులుతాయట. ఇవన్నీ వింటూ ఆయన ఉంటే ఎంత మురిసిపోయేవారో అనుకున్నాను. మొత్తానికి ఒక బొమ్మ మన మాటకు పెదవి కలపబోతోంది, ఇంతకాలం మనం బొమ్మల పెదవులకు మాట కలిపాం కదా.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఆటో దిగి నడిచాను. అదే సెల్లారు, గోడలకు మాత్రం చప్పుడు పీల్చే కొత్త ఫోమ్ అంటించారు. లోపల నిలబడితే వీపు చల్లగా అనిపించింది. "వాన మొదలైంది, ఇవాళ పడవ కదలదు" అన్నది మొదటి డైలాగు. ఎర్రదీపం వెలిగింది. నేను ఆగాను. ఇంజనీరు ఆగాడు. దీపం ఆరింది, మళ్ళీ వెలిగింది. ఎవరూ చెప్పమనకపోతే చెప్పడం ఎలాగో నాకు రాలేదు. చివరకు మనసులో ఆయన గొంతు తెచ్చుకుని, ఆ మాట అయిపోయేదాకా ఆగి, అప్పుడు చెప్పాను. ప్రతి డైలాగుకూ మొదట్లో ఆ ఖాళీ వచ్చింది. ఇంజనీరు ఓపిగ్గా దాన్ని కత్తిరించుకున్నాడు.

అన్నీ అయ్యాక బెంగుళూరు నుంచి కంపెనీ అమ్మాయి వీడియో కాల్‌లో వచ్చింది. తెలుగు పిల్లే, కొత్తగా చేరిందట, మర్యాదస్తురాలు.

"మేడమ్, మీ క్యారెక్టర్ అంటే ప్లేయర్స్‌కి పిచ్చి ప్రేమ. ఈసారి వాయిస్ ఆర్టిస్టులందరి పేర్లూ క్రెడిట్స్‌లో వేస్తున్నాం. మీ పేరు స్పెల్లింగ్ కరెక్ట్‌గా పంపండి."

పేర్లు వేస్తారన్న మాట చెవిన పడగానే నాకు హాలు గుర్తొచ్చింది. దీపాలు, చీపుళ్ళు, "ఇందులో వెయ్యలేదులే, పద". నా ప్రాణం ఊరుకోలేదు.

"నా పేరు వెయ్యకపోయినా పర్లేదమ్మా. ఇంకో పేరు వెయ్యాలి. నా మాటకు ముందు ఒక మగగొంతు వినపడుతుంది చూడు, అది మా ఆయనది. ఆయన పేరు వెయ్యండి."

ఆ అమ్మాయి అర్థంకానట్టు చూసింది. నేను ఉత్సాహంగా మొత్తం చెప్పాను. నియమం తప్పి లోపలికి రావడం, భుజం మీద వేలు, కత్తిరింపులో మిగిలిపోవడం, ఆటగాళ్ళు కట్టిన కథ, ఏదీ వదల్లేదు. అద్దం అవతల ఇంజనీరు తల అడ్డంగా ఊపుతున్నాడు. పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. గొంతు అలసిపోతుంది, ఆపమంటున్నాడేమో అనుకుని చెయ్యి ఊపి, ఇంకా గట్టిగా చెప్పాను.

"సో స్వీట్ మేడమ్" అంది ఆ అమ్మాయి. ఆమె కళ్ళలో నీళ్ళు నేను చూశాను, అది నటన కాదు. "నేను టీమ్‌తో మాట్లాడతాను. బై ద వే, సార్ అగ్రిమెంట్ మీద సైన్ చేశారా?"

"ఆయన ఊరికే నిలబడ్డారమ్మా" అన్నాను గర్వంగా.

కాల్ అయ్యాక ఇంజనీరు బయటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వైర్లు చుడుతూ అన్నాడు.

"గది ఉన్నదని నాకెప్పుడో ఎర్కనే అమ్మా. చూసిన, నోరు మూసుకొని ఊకున్న. ఎందుకు చెప్పిన్రు?"

"పేరు వేస్తారని" అన్నాను.

ఇంటికి పోయేటప్పుడు చాయ్ కూడా తాగలేదు మేము.

పది రోజులకు ఫోన్ చేశాడు. "అమ్మా, కంపెనోళ్ళ మెయిల్ వచ్చింది. కాయితం లేని గొంతు ఉండొద్దంటున్నరు. తీసేస్తున్నరు."

ఆ బెంగుళూరు అమ్మాయికి ఫోన్ చేశాను. పేరు వద్దమ్మా, నేను అడగలేదనుకో, ఉన్నది ఉన్నట్టు ఉంచండి అన్నాను. మా ఆయన తరఫున నేను సంతకం పెడతానన్నాను. ఇంతకుముందు ఎన్నో సినిమాల్లో కాళ్ళ మీద పడే ముసలివాళ్ళకు గొంతు ఇచ్చాను, ఆ మాటలన్నీ నిజంగానే వాడాను ఆ రోజు. ఆమె ఓపిగ్గా విన్నది.

"ఐ యామ్ రియల్లీ సారీ మేడమ్. లీగల్ వాళ్ళ డెసిషన్ అది. నేను టీమ్‌కి చెప్పకుండా ఉండాల్సింది. కానీ బిల్డ్ వెళ్ళిపోయింది, ఇక గేమ్‌లో ఏదీ మార్చలేం."

మొదటిసారి రికార్డు చేసిన అసలు టేపు ఉందా అని ఇంజనీరును అడిగాను. పని అప్పజెప్పాక అన్నీ చెరిపేయాలని ఒప్పందమట. చెరిపేశాడు. తన పని తాను సరిగ్గా చేశాడు, అతన్నేమని అంటాను?

కొత్త భాగం రావడానికి ఇంకా తొమ్మిది రోజులు ఉండగా మా అమ్మాయి ఆటలోంచి ఆ మాటను తీసి నా ఫోన్‌లో పెట్టింది. ఉంది, ఇప్పటికీ ఉంది. మీరు అడగబోయేది నాకు తెలుసు, ఇంక ఏడుపెందుకని. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఫోన్‌లో అది ఒక ఫొటో లాంటిది, నేను తీసి చూస్తేనే ఉంటుంది, నాతోపాటు పోతుంది. ఆటలో ఆయన డ్యూటీలో ఉన్నారు. ఎవరో వస్తారు, ఆయన చెప్పమంటారు, నేను చెబుతాను. ఆ ఉద్యోగం నా నోటితో నేనే పోగొట్టాను. ఎవరినైనా తిట్టుకుందామంటే కూడా ఎవరూ దొరకడం లేదు. ఆ బెంగుళూరు పిల్ల మంచిది, ఇంజనీరు మంచివాడు, పేరు అడిగింది నేను.

కొత్త భాగం వచ్చిన రోజు ఆట తనంతట తానే మారిపోయింది, మారకపోతే తెరుచుకోదట. తెర మీద ముందు ఒక పట్టిక వచ్చింది, కొత్తవీ మెరుగుపరిచినవీ అన్నీ రాసి ఉన్నాయి. అమ్మాయి గబగబా దాటించబోతే ఆగమన్నాను. కొత్త ఊరు, కొత్త పడవలు, చేపల వేట, వాన, పెదవుల కదలిక, తొందరగా తెరుచుకోవడం. చాలా కిందికి పోయాక ఒక వరుస: తెలుగు ఆడియోలో అనవసర శబ్దం తొలగించబడింది.

"అనవసర శబ్దం" అని అమ్మాయి పైకి చదివి, రిమోటు సోఫా మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

పేర్లు కూడా చూశాను. ఆయనలాగే, అవన్నీ పైకి పోయేవరకు లేవలేదు. నా పేరు ఉంది, తప్పులు లేకుండా. దాని పక్కన పడవ అవ్వ అని ఉంది. ఆయన పేరు ఎక్కడా లేదు.

తర్వాత రిమోటు తీసుకుని ఒడ్డుకు నడిచాను. ఏరు మునుపటికంటే అందంగా ఉంది, వాన ఇంకా మొదలుకాలేదు, నీళ్ళ మీద ఒకటీ అరా చినుకులు పడుతున్నాయి, ఒక్కో చినుకుకూ చిన్న చిన్న వలయాలు. అవ్వ పడవలో కూర్చుని ఉంది. మొహం మీద ముడతలు కొత్తగా గీశారు. నేను మీట మీద వేలు పెట్టి కాసేపు నొక్కలేదు. అంతదాకా ఆశ ఉంటుందని కాదు, ఆశ ఏమీ లేదు, ఊరికే.

నొక్కాను. ఆమె తల ఎత్తింది, పెదవులు విప్పింది, తెలుగుకు సరిగ్గా సరిపోయేట్టు కదిలించింది.

"ఎక్కు నాయనా. ఇవాళ ఏరు నిమ్మళంగా ఉంది."

నా గొంతే. ఎవరూ చెప్పమనకుండానే చెప్పేసింది.